ఓకే ముద్ర వేసిన బాల్ జాయింట్

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక వాహనాల సర్వీసు వర్క్‌షాపులో నన్ను ఫైనల్ ఇన్‌స్పెక్టర్‌గా వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది నా ఉద్యోగంలో పందొమ్మిదేళ్లు నిండాక, జూన్ నెల మొదటి సోమవారం నాడు. అంతకుముందు పదకొండేళ్లు స్పేర్ పార్ట్స్ కౌంటర్లోనూ, ఎనిమిదేళ్లు ఫ్లోర్ సూపర్‌వైజర్‌గానూ పనిచేశాను. ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని వచ్చిన గుణదల అమ్మాయికి కౌంటరు వెనక కుర్చీ తప్ప ఇంకేం ఇవ్వాలో ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. నా పేరు లూర్దు మేరీ. వర్క్‌షాపులో అందరికీ లూర్దు మేడమ్‌ని.

ఫైనల్ ఇన్‌స్పెక్టర్ అంటే ఏమిటో చెప్పాలి. బండి రాగానే సర్వీస్ అడ్వైజర్ యజమాని చెప్పిన ఫిర్యాదులు జాబ్ కార్డు మీద రాసుకుంటాడు. టెక్నీషియన్ పని చేస్తాడు, సూపర్‌వైజర్ పర్యవేక్షిస్తాడు. చివరికి బండి నా దగ్గరికి వస్తుంది. నేను చూసి, నడిపి, జాబ్ కార్డు మీద ఆకుపచ్చ సిరాతో ఓకే ముద్ర వేస్తాను. ఆ ముద్ర లేనిదే బండి గేటు దాటదు. వర్క్స్ మేనేజర్ చెప్పినా దాటదు. నాకు ఆ అధికారం ఇష్టంగా ఉండేదని దాచడం దేనికి? నేను ఎప్పుడు తప్పులో కాలేస్తానా అని ఎదురుచూసేవాళ్లు ఫ్లోర్ మీద ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వకూడదని పంతం పట్టి, ముప్పై ఎనిమిది అంశాలతో తనిఖీ పట్టిక ఒకటి నేనే స్వయంగా రాసి గోడకు అంటించాను. ఆ పట్టికంటే నాకు కన్నబిడ్డంత ప్రేమ.

నా రిటైర్మెంటుకు అయిదేళ్లుందనగా కంపెనీ కార్లతో పాటు పికప్ బండ్లు కూడా అమ్మడం మొదలుపెట్టింది. మన కృష్ణా జిల్లాలో పికప్‌కు పని కరువా? గుడివాడ, కైకలూరు చెరువుల నుంచి చేపలు, రొయ్యలు, ఐసు పెట్టెలు అన్నీ వాటి మీదే తిరుగుతాయి. అయితే మా వర్క్‌షాపుకు ఒక నియమం ఉండేది. చేపల లోడుతో ఉన్న బండిని గేటు లోపలికి రానివ్వరు. కార్ల వాళ్లు వాసనకు ముక్కు మూసుకుంటున్నారని ఆ నియమం పెట్టారు. అందుకని పికప్‌లు ఎప్పుడూ ఖాళీగా, శుభ్రంగా కడిగించుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చేవి. అవి లోడుతో ఎలా ఉంటాయో మేము ఎప్పుడూ చూడలేదు. చూడాలని మాకు తోచనూ లేదు.

ఈ కథ బాల్ జాయింట్‌ది. మన భుజం దగ్గర గుండ్రటి ఎముక ఒక గిన్నెలో కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది కదా, ఇదీ అంతే. బండి ముందు చక్రాన్ని పట్టుకునే రెండు ఇనప చేతులు ఉంటాయి, పై ఆర్మ్, కింది ఆర్మ్ అంటాం. ఒక్కొక్క దాని చివర ఒక బాల్ జాయింట్. దాని వల్లే చక్రం పైకీ కిందికీ ఆడుతుంది, పక్కలకూ తిరుగుతుంది. లోపల గ్రీజు, పైన దుమ్మూ నీళ్లూ పోకుండా రబ్బరు బూటు. బూటు చిరిగితే గ్రీజు పోతుంది, బురద చేరుతుంది, గుండు అరిగి గిన్నెలో వదులవుతుంది. వదులు ముదిరితే ఒకరోజు గుండు గిన్నెలోంచి ఊడి వస్తుంది. అప్పుడు చక్రం బయటికి వాలిపోయి బండి ముందుకు కూలబడుతుంది. మన దగ్గర సగం రోడ్లు కాలువ గట్ల మీదే ఉంటాయి. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడు వానలు మొదలైన నెలలో సాంబశివరావు గారి పికప్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఆయన గుడివాడ వైపు చెరువుల నుంచి బెజవాడ మార్కెట్‌కు చేపలు తోలిస్తారు. మొత్తం మూడు పికప్‌లు. ఈ బండి డ్రైవర్ కరీముల్లాది వించిపేట. ఆయన దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉంటాడు. బండిలో ఎడమ పక్క కింద నుంచి చప్పుడు వస్తోందని అతని ఫిర్యాదు. అతను చెప్పింది చాలా ఉంది. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు మీద రాసుకున్నది మాత్రం 'ముందు వైపు శబ్దం, చూడాలి' అని నాలుగే మాటలు.

బండిని టూ పోస్ట్ లిఫ్ట్ మీద ఎక్కించారు. అది ఛాసిస్, అంటే అడుగు చట్రం, పట్టుకుని బండిని మనిషెత్తు లేపుతుంది, చక్రాలు గాల్లో వేలాడతాయి. టెక్నీషియన్ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. నేనూ ఊపాను. కదల్లేదు. నా పట్టికలో ఇరవై ఏడో అంశం అదే: 'లిఫ్ట్ మీద చక్రం ఊపి బాల్ జాయింట్ వదులు చూడాలి.' తర్వాత బండిని ఆటోనగర్ సిమెంటు రోడ్ల మీద రెండు చుట్లు తిప్పాను. చప్పుడు లేదు. ముద్ర వేశాను.

పన్నెండు రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే ఫిర్యాదు, అదే లిఫ్ట్, అదే ముద్ర. మూడోసారి వచ్చేసరికి ఫ్లోర్ మీద కుర్రకారు కరీముల్లాకు డాక్టరని పేరు పెట్టేశారు. బండి గేట్లోకి రాగానే "డాక్టరు గారూ, ఇవాళ ఎంత జ్వరముందండీ?" అని అడిగేవారు. అతను నవ్వేసి ఊరుకునేవాడు. నేను వాళ్లను మందలించలేదు. నిజం చెప్పాలంటే నాకూ విసుగ్గానే ఉంది. నేను బాగుందన్న బండిని బాగాలేదనడానికి ఇతనెవరు అనిపించింది. మూడోసారి ముద్ర కాస్త గట్టిగానే కొట్టాను.

ఆ వారంలోనే వ్యవహారం ముదిరింది. కరీముల్లా గుడివాడ దగ్గర చెరువు గట్టు మీద లోడు ఎత్తుకోనని మొరాయించాడట. ఇంకో బండి వెళ్లి తెచ్చేసరికి పొద్దుపోయింది. మర్నాడు సాంబశివరావు గారే వర్క్‌షాపుకు వచ్చారు. మూడు జాబ్ కార్డులూ నా బల్ల మీద పరిచి నిలబడ్డారు.

"మేడమ్ గారూ, ఒక్క ముక్కలో చెప్పండి. బండిలో లోపం ఉందా, లేదా?"

"లేదండి," అన్నాను.

"అయితే లోపం డ్రైవర్లో ఉందన్నమాట."

అది నా పరిధి కాదనుకున్నాను. ఆయన కార్డులు మడిచి జేబులో పెట్టుకుంటూ, సోమవారం నుంచి వేరే మనిషిని పెట్టుకుంటున్నానని చెప్పి వెళ్లిపోయారు. ఒక మనిషి బతుకుదెరువు మీద నేను సాక్ష్యం చెప్పానని అప్పటికి నాకు తట్టలేదు.

శనివారం ఉదయం పదింటికి సెక్యూరిటీ మనిషి వచ్చి, గేటు దగ్గర చేపల బండి ఆగిందనీ, లోపలికి రాకూడదంటే డ్రైవర్ మిమ్మల్నే బయటికి రమ్మంటున్నాడనీ చెప్పాడు. చిరాగ్గానే వెళ్లాను. కరీముల్లా బండి దిగి నిలబడి ఉన్నాడు. వెనక ఐసు పెట్టెలు నిండుగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి.

"రేపటితో నా డ్యూటీ అయిపోద్దండి," అన్నాడు. "దాని గురించి అడగటానికి రాలేదు. ఎల్లుండి ఈ బండెక్కేవాడు కొత్తోడండి. ఆడికి ఈ చప్పుడు తెలవదు. ఒక్కసారి లోడుతో నా పక్కన కూచుని రండి. అది పలక్కపోతే, తప్పు నాదేనని మా సావుకారు ముందు నేనే ఒప్పుకుంటా."

తన ఉద్యోగం పోతుంటే తన తర్వాత వచ్చేవాడి ప్రాణం గురించి వాదిస్తున్న మనిషిని వెనక్కి పంపే ధైర్యం నాకు లేకపోయింది. సూపర్‌వైజర్‌కు చెప్పి బండెక్కాను. ఇన్‌స్పెక్టర్ అయ్యాక లోడు బండెక్కడం నాకు అదే మొదలు.

బందరు రోడ్డు మీద కంకిపాడు వైపు వెళ్లాం. చప్పుడు ఏదని విందామని చెవులు రిక్కించి కూర్చున్నాను. పెట్టెలు కొట్టుకుంటున్నాయి, వెనక డోరు గొలుసు గలగలమంటోంది. కంకిపాడు దాటి పక్క రోడ్డులోకి తిప్పాడు. మొదటి గుంతలో పడి లేచాం.

"ఇన్నారా మేడమ్?"

నేను వినలేదు. రెండో గుంతలోనూ వినలేదు. అదే మాట చెప్పాను. అతను బండి నెమ్మది చేసి నా కాళ్ల వంక చూశాడు. వర్క్‌షాపు నియమం ప్రకారం నేను మందపాటి సేఫ్టీ బూట్లు వేసుకుని ఉన్నాను. అతని చెప్పులు సీటు పక్కన విప్పి ఉన్నాయి. మన వైపు డ్రైవర్లు చాలామంది బండి నడిపేటప్పుడు చెప్పులు విప్పేస్తారు. అది ఒట్టి అలవాటనే అనుకునేదాన్ని.

"ఏమనుకోకండి, ఆ బూటు తీసి ఎడమ పాదం కింద ఆనించండి," అన్నాడు. "ఇది చెవికి ఇనబడేది తక్కువండి. కాలికి తెలుద్ది. ఖాళీ బండిలో అదీ తెలవదు."

తీశాను. మూడో గుంతలో చక్రం దిగి మళ్లీ బరువు మీద పడగానే, అరికాలి కింద రేకులో 'టక్' మని ఒక్క దెబ్బ తగిలింది. చిన్నదే. ఎవరో కింద నుంచి సుత్తితో మెల్లగా కొట్టినట్టు. తర్వాతి గుంతలో మళ్లీ. ఆ తర్వాత దాన్ని వినకుండా ఉండటం నా వల్ల కాలేదు. నాకు తలకొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత సిగ్గుపడ్డ సందర్భం ఇంకొకటి లేదు.

"వెనక్కి తిప్పండి. నెమ్మదిగా రండి," అన్నాను.

దారిలో ఆలోచిస్తూనే ఉన్నాను. గేటు దగ్గర దిగగానే లోపలికి వెళ్లి బీరువాలోంచి ఆ పికప్ మరమ్మతు పుస్తకం తీశాను. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు. ఎవరూ అంటే నేనే, ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది. ముందు చక్రాల అధ్యాయంలో చిన్న బొమ్మ వేసి ఉంది. జాకీ ఛాసిస్ కింద కాదు, కింది ఆర్మ్ కింద పెట్టాలి.

కారణం తెలిస్తే చిన్నదే. మేము చూసే కార్లలో బండి బరువు ఆ కింది జాయింట్ మీద పడదు. కాబట్టి చక్రం గాల్లో వేలాడుతుండగా ఊపితే వదులు తెలిసిపోతుంది. ఈ పికప్‌లో టార్షన్ బార్ అనే మెలితిరిగే స్ప్రింగు కడ్డీ కింది ఆర్మ్‌కు బిగించి ఉంటుంది. బరువంతా ఆ కింది జాయింట్ మీదుగానే చక్రానికి దిగుతుంది. బండిని ఛాసిస్ పట్టి లేపితే ఆ కడ్డీ కింది ఆర్మ్‌ను కిందికి తోసి జాయింట్‌ను బిర్రుగా లాగి పట్టుకుంటుంది. అప్పుడు ఎంత బలవంతుడు ఊపినా అరిగిన జాయింట్ కొత్తదానిలాగే ఉంటుంది. కార్ల కోసం రాసిన ఇరవై ఏడో అంశాన్ని నేను పికప్‌లకూ తగిలించాను. నా బిడ్డ మీద నాకున్న ప్రేమ అంత గుడ్డిది.

లోడు బండిని లోపలికి తేలేం కనుక గేటు బయట చదునుగా ఉన్న సిమెంటు మీదే పని మొదలుపెట్టాం. వెనక చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టించాను. కింది ఆర్మ్ కింద, జాయింట్‌కు వీలైనంత దగ్గరగా ట్రాలీ జాకీ పెట్టి, చక్రం నేలకు రెండు వేళ్ల ఎత్తు లేచే వరకు ఎత్తించాను. పక్కన స్టాండు కూడా నిలిపించాను. టైరు కిందికి పొడుగాటి కడ్డీ దూర్చి మెల్లగా పైకి ఎత్తమన్నాను. టెక్నీషియన్ ఎత్తాడు. ఆర్మ్ కదల్లేదు, చక్రం మాత్రం లేచింది. వదిలాడు, టక్కున దిగింది. జాయింట్ దగ్గర ఆ కదలిక మామూలు కంటికే కనబడింది. ఫ్లోర్ మీద కుర్రాళ్లు ఒక్కొక్కరే గేటు దగ్గరికి చేరారు. ఈసారి డాక్టరు గారూ అని ఎవరూ అనలేదు.

జాయింట్ మీద నల్లటి నూనె గట్టకట్టి ఉంది. బురద, ఉప్పునీళ్లు అంటకుండా ఉంటాయని మన వైపు వానాకాలం ముందు బండి కింద డీజిల్ కొట్టించి, పైన వాడేసిన ఇంజను ఆయిల్ చల్లిస్తారు. సాంబశివరావు గారు ఆ పని ప్రతి ఏడూ శ్రద్ధగా బయట చేయించేవారు. ఇనుముకు అది మంచిదో కాదో గాని, రబ్బరుకు మాత్రం చెడ్డది. గుడ్డతో తుడిస్తే బూటు నానిన శనగగింజలా ఉబ్బి, ఒక పక్క చిరిగి కనబడింది. లోపల గ్రీజు లేదు, ఎర్రటి బురద ఉంది. ఆ నల్లనూనె పొర చిరుగును కూడా కప్పేసింది. తుడిచి చూడాలని మా పట్టికలో ఎక్కడా లేదు.

సాంబశివరావు గారికి నేనే ఫోన్ చేశాను. ఆయన లోడు మార్చుకోవడానికి ఇంకో బండిని తోలించుకుని తనూ వచ్చారు. కడ్డీ ఆయన చేతికే ఇచ్చి ఎత్తమన్నాను. ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశారు.

తర్వాత కరీముల్లా వైపు తిరిగి, "ఏమయ్యా, ఇంత సంగతుంటే నాకు గట్టిగా చెప్పొద్దా?" అన్నారు.

"చెప్పానండి," అన్నాడు కరీముల్లా. "మీరు కాయితం చదివారు."

అందులో కోపం లేదు. ఉన్నమాటే అన్నాడు. ఆ మాట తగలాల్సింది ఆయనకు కాదు. "కాగితం నాదండి," అన్నాను. "మూడుసార్లూ తప్పు పద్ధతిలో చూశాను. లోపం బండిలో ఉంది, నా తనిఖీలో ఉంది. మీ డ్రైవర్లో లేదు." అదే మాట జాబ్ కార్డు మీద రాస్తుంటే మా వర్క్స్ మేనేజర్ నన్ను పక్కకు పిలిచారు. నోటితో చెప్పారు కదా, చాలదా, రాతపూర్వకంగా ఎందుకు, రేపు దీన్ని మనకే చూపిస్తారు అని ఆయన భయం. ఆయన ఉద్యోగం ఆయన చేశారు. సావుకారు జేబులో నా మూడు కాగితాలు ఉన్నప్పుడు నోటిమాట వాటితో తూగదని చెప్పి, రాసి సంతకం పెట్టాను. నా తప్పు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు ఇన్నాళ్లకు పండగే అనుకున్నాను. విచిత్రంగా, వాళ్లలో ఒకడు సోమవారం వచ్చి ఆ మరమ్మతు పుస్తకం అడిగి తీసుకున్నాడు.

సోమవారానికి మాట్లాడుకున్న కొత్త డ్రైవర్‌ను సాంబశివరావు గారు ఇంకో బండికి పెట్టుకున్నారు. కరీముల్లా పని కరీముల్లాకే ఉంది.

రెండు వైపులా కింది జాయింట్లు మార్చాం. ఒక పక్క అరిగితే రెండో పక్కా దారిలోనే ఉంటుంది. కొత్త నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ కూడా కొత్తదే వేయాలి, పాతదాన్ని నిటారు చేసి వాడకూడదు. పని అయ్యాక వీల్ అలైన్‌మెంటు తప్పదు. కొత్త జాయింట్లకు గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఉంది. గ్రీజు గన్‌తో మెల్లగా నొక్కుతూ బూటు కాస్త ఉబ్బగానే ఆపాలని, ఇంకా నొక్కితే అదే పగిలిపోతుందని కరీముల్లాకు చూపించాను. ఇకపై కింద కడిగేవాళ్లను రబ్బరు మీద నూనె చల్లనివ్వనన్నాడు. చేతి గుడ్డతో బూటు తుడిచి చూడటం అతను ఆ రోజు నుంచే అలవాటు చేసుకున్నాడు.

ఇంకో పని మిగిలింది. ఏడాది పొడుగునా నేను ముద్ర వేసి పంపిన పికప్‌ల నంబర్లన్నీ రిజిస్టరులోంచి తీసి, యజమానులందరికీ నేనే ఫోన్ చేశాను. బాగున్న బండిని మళ్లీ ఎందుకు తెమ్మంటున్నారని కొందరు విసుక్కున్నారు. మా తనిఖీలో పొరపాటు జరిగిందని ప్రతి ఒక్కరికీ చెప్పాల్సి వచ్చింది. మొదటి రెండు ఫోన్లు కష్టమయ్యాయి, తర్వాత అలవాటైంది. దాదాపు అందరూ వచ్చారు. వాటిలో నాలుగు బండ్లకు జాయింట్లు వదులయ్యాయి. నాలుగూ రోడ్డు మీద ఏమీ కాకముందే దొరికాయి. ఆ నెల నేను చేసిన పనంత మంచిపని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదని ఇప్పటికీ అనుకుంటాను.

కరీముల్లా బండి అప్పగించే రోజున లోడు గేటు దగ్గరికే తెప్పించి ఎక్కించమన్నాను. ఇద్దరం కంకిపాడు దాటి అదే పక్క రోడ్డులోకి వెళ్లాం. అతని చెప్పులూ నా బూట్లూ సీటు పక్కన ఉన్నాయి. ఆ గుంతలన్నిట్లోనూ అతను ఒక్కటి కూడా తప్పించకుండా బండి దించాడు. నాకేమీ తగల్లేదు. అయినా నేను అతని వైపు చూశాను. ఇంకో గుంత దాటాక తల ఊపి, "పోయిందండి," అన్నాడు. అప్పుడు జాబ్ కార్డు అతని చేతికిచ్చి, కింద ఖాళీలో సంతకం పెట్టమన్నాను. ఎందుకండీ అని అడిగి, ఉర్దూలో పెట్టొచ్చా అన్నాడు. పెట్టమన్నాను. అతని సంతకం అయ్యాక దాని పక్కన నా ముద్ర వేశాను.

ఓకే ముద్ర చెప్పేది, నేను చూసిన పద్ధతిలో నాకు లోపం కనబడలేదని మాత్రమే. బండి బాగుందని చెప్పగలిగేది దాన్ని రోజూ నడిపే మనిషి. ఆ తర్వాత నేను రిటైరయ్యే వరకు, ఫిర్యాదు మీద వచ్చిన ఏ బండి జాబ్ కార్డు మీదైనా డ్రైవర్ సంతకం లేకుండా నా ముద్ర పడలేదు.